చలికాలంలో పాసై, ఎండకు జారిన రాడ్లు: ఒక ఎండ్ ఫిట్టింగ్ కేస్ స్టడీ

గాజు ఫైబర్‌తో చేసిన 12 మిల్లీమీటర్ల పల్ట్రూజన్ రాడ్‌ని (ఫైబర్లను రెజిన్‌లో ముంచి, డై అనే అచ్చులోంచి లాగి చేసే రాడ్) నిలువుగా లాగి తెంపాలంటే సుమారు 10 టన్నుల బలం కావాలి. లెక్క తేలికే. రాడ్ అడ్డుకోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు, ఒక్కో చదరపు మిల్లీమీటరూ 900 న్యూటన్ల దాకా ఓర్చుకుంటుంది. కేటలాగ్‌లో ఈ అంకె చూసి చాలామంది డిజైన్ అయిపోయిందనుకుంటారు. కానీ రాడ్‌ని ఎవరూ ఉత్తి రాడ్‌గా వాడరు. దాని చివర ఒక లోహపు ముక్క ఉండాలి, ఆ ముక్కకు ఒక కన్నమో, స్క్రూ మరో ఉండాలి, అక్కడి నుంచి బలం రాడ్‌లోకి దిగాలి. నేను చూసిన కాంపోజిట్ రాడ్ ఫెయిల్యూర్లలో రాడ్ మధ్యలో తెగినవి చాలా అరుదు. దాదాపు అన్నీ చివర్లోనే పోయాయి. ఈ కేసు కూడా అలాంటిదే.

హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న యూనిట్ ఉంది. రేడియో యాంటెన్నాలకు మాస్టులు తయారు చేస్తారు. మాస్టును నిలబెట్టే గై వైర్లు యాంటెన్నా దగ్గర ఉక్కువైతే సిగ్నల్‌ని పాడు చేస్తాయి. అందుకని పై భాగంలో కొన్ని మీటర్ల మేర ఉక్కు తీగ బదులు ఎఫ్.ఆర్.పి. రాడ్, అంటే పైన చెప్పిన ఫైబర్, రెజిన్ కలిసిన రాడ్ పెడతారు. రాడ్‌కి రెండు చివర్లా జిగురుతో అతికించిన అల్యూమినియం సాకెట్, ఒక పక్క మాస్టు, ఇంకో పక్క తీగను బిగించే టర్న్‌బకిల్, అక్కడి నుంచి మామూలు ఉక్కు తీగ. ఉత్తర తెలంగాణలో ఒక చోట జనవరిలో మాస్టు నిలబెట్టారు. ఏప్రిల్ నెలాఖరుకు గైలు వదులైనట్టు కనిపించింది. టర్న్‌బకిల్ బిగించారు. మళ్లీ వదులైంది. మూడో వారానికి ఒక సాకెట్ నుంచి రాడ్ పూర్తిగా ఊడి వచ్చింది, మాస్టు ఒక పక్కకు వాలింది. మిగతా గైలు పట్టుకోబట్టి కింద పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పుడు నన్ను పిలిచారు.

యూనిట్ వాళ్ల దగ్గర టెస్ట్ రిపోర్ట్ ఉంది. అది దొంగ రిపోర్ట్ కాదు. డిసెంబర్‌లో యూ.టి.ఎం. మీద, అంటే లాగి బలం కొలిచే యంత్రం మీద లాగించారు. డిజైన్ లోడ్ 25 కిలోన్యూటన్లయితే (సుమారు రెండున్నర టన్నులు) 30 వరకు లాగినా జారలేదు. మాస్టు మీద రోజువారీ ఉండే టెన్షన్ 6 కిలోన్యూటన్లు మాత్రమే. గాలి లేని రోజున కూడా గై ఆ మాత్రం బిగుతుగా ఉండాలి. అంటే 30కి నిలబడింది 6కి ఊడింది. యజమాని అడిగింది కూడా ఇదే: "సార్, అయిదు రెట్లు మోసింది కదా, మరి ఎందుకు ఊడింది?"

ఊడిన ముక్కలు ఏం చెప్పాయి

ఫెయిలైన ముక్కను తుడవకుండా, కడక్కుండా చూడాలి. నేను వెళ్లేసరికి ఊడిన సాకెట్‌ని ఎవరూ ముట్టుకోలేదు, అది చాలా మేలు చేసింది. మూతి దగ్గర రాడ్ చుట్టూ దుమ్ము గీతలు వరసగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒక్క దెబ్బకు ఊడితే అలాంటి గీతలు పడవు. రాడ్ కొంచెం జారి, ఆగి, మళ్లీ కొంచెం జారింది. ఇంకా ఊడని సాకెట్లను కూడా చూశాను. వాటిలో కొన్నింటికి మూతి దగ్గర పెయింట్ చిట్లి, రాడ్ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఉంది. పడమటి ఎండ నేరుగా తగిలే వైపు సాకెట్లలోనే ఇది ఎక్కువ. ఇంకో సంగతి, సాకెట్లన్నిటికీ నల్ల ఎనామెల్ వేశారు, చూడ్డానికి బాగుంటుందని. అక్కడ మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీలు ఉంటుంది. ఎండలో నల్ల లోహం 65 డిగ్రీల దాకా సులువుగా పోతుంది. మధ్యాహ్నం సాకెట్ మీద చెయ్యి ఆనించి ఉంచలేకపోయాం.

ఊడిన సాకెట్‌ని వర్క్‌షాపుకు తెచ్చి నిలువునా రెండు చెక్కలుగా కోయించాను. లోపల మూడు విషయాలు కనిపించాయి. అడుగున పెద్ద గాలి బుడగ ఉంది. సాకెట్ అడుగు మూసుకున్న కన్నం, అందులో జిగురు వేసి రాడ్‌ని దూర్చితే గాలికి దారి ఉండదు, అది పిస్టన్‌లా జిగురుని పైకి తోసేస్తుంది. రెండోది, రాడ్ కన్నానికి మధ్యలో లేదు. ఒక పక్క జిగురు పొర కాగితం మందం కూడా లేదు, ఇంకో పక్క అర మిల్లీమీటరు ఉంది. మూడోది జిగురు అంతా సాకెట్‌కే ఉండిపోయింది, రాడ్ తాకిన వైపు అద్దంలా నున్నగా ఉంది. రాడ్ పైభాగానికి ఎమెరీ పేపర్ తగిలిన గుర్తు చాలా చోట్ల లేదు. పల్ట్రూజన్ రాడ్ డై లోంచి సాఫీగా జారి రావడానికి రెజిన్‌లోనే మైనం లాంటి పదార్థం కలుపుతారు. అది రాడ్ పైపొరలో ఉంటుంది. గుడ్డతో తుడిస్తే పోదు, పైపొరను గీకి తీయాలి.

ఇక్కడ తొందరపడితే "రాడ్‌ని సరిగా గీకలేదు, అదే కారణం" అని రాసి ఫైలు మూసేయొచ్చు. కానీ అది డిసెంబర్‌లో 30 కిలోన్యూటన్లు ఎలా మోసిందో చెప్పదు. పడమటి వైపువే ఎందుకు ఎక్కువ జారాయో కూడా చెప్పదు.

జిగురు ఎంత వేడికి పండితే అంత వేడికే

వాళ్లు వాడింది రెండు డబ్బాల ఎపాక్సీ, రెజిన్ ఒకటి, హార్డ్‌నర్ ఒకటి. గది వేడిలోనే గట్టిపడుతుంది, షాపు మాటల్లో పండుతుంది. మంచి జిగురే. ఇబ్బంది దాని స్వభావంలో ఉంది. ఎపాక్సీకి ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, దాన్ని గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు, షాపులో టీజీ అంటాం. దానికి కింద ఎపాక్సీ గాజులా బిరుసుగా ఉంటుంది, పైకి పోతే రబ్బరులా మెత్తబడుతుంది. హార్డ్‌నర్‌తో రసాయన చర్య జరిగే కొద్దీ టీజీ పెరుగుతూ పోతుంది. గది 30 డిగ్రీలు ఉంటే టీజీ 30 దాటి ఇంకో 20 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. ఈలోగా పదార్థం ఎంత బిగుసుకుపోతుందంటే లోపలి అణువులు ఒకదాన్నొకటి చేరుకోలేవు. చర్య ఇంకా మిగిలి ఉన్నా దాదాపు ఆగిపోతుంది. అందుకే గదిలో పండిన ఎపాక్సీ టీజీ మామూలుగా 50, 60 డిగ్రీల దగ్గర ఉండిపోతుంది. ఎన్ని రోజులు ఆరబెట్టినా పెద్దగా మారదు. వేడి చేస్తేనే ఆ మిగిలిన చర్య పూర్తయి టీజీ పైకి పోతుంది.

ఇప్పుడు ఆ నల్ల సాకెట్ సంగతి చూడండి. 65 డిగ్రీల వేడి, 50 నుంచి 60 డిగ్రీల టీజీ. పైగా టెన్షన్ రాత్రీ పగలూ ఉంటుంది. సాకెట్ లోతు 50 మిల్లీమీటర్లు, కాబట్టి అతుకు వైశాల్యం దాదాపు 1885 చదరపు మిల్లీమీటర్లు. 6 కిలోన్యూటన్లకు చదరపు మిల్లీమీటరుకు 3.2 న్యూటన్ల కోత బలం పడుతుంది. బిరుసుగా ఉన్న ఎపాక్సీకి అది లెక్కలోకి రాదు. మెత్తబడ్డ ఎపాక్సీకి అది రోజూ మధ్యాహ్నం పడే లాగుడు. సాయంత్రానికి చల్లబడి గట్టిపడుతుంది, మర్నాడు మళ్లీ జారుతుంది. దుమ్ము గీతలు వరసగా పడింది అందుకే. యూ.టి.ఎం. మీద చేసిన పరీక్ష చల్లటి గదిలో కొన్ని నిమిషాల్లో అయిపోయింది. ఆ పరీక్షకు ఈ జారుడు కనిపించే అవకాశమే లేదు.

ఇది ఊహ మాత్రమే కాకూడదని ఒక పెట్టె కట్టించాను. ప్లైవుడ్ పెట్టె, లోపల హీటర్, థర్మోస్టాట్. సాకెట్ పెట్టెలో ఉంటుంది, రాడ్ కింది నుంచి బయటికి వచ్చి ఒక లీవర్‌కి తగులుతుంది, లీవర్ చివర బరువులు. రాడ్‌కి ఒక డయల్ గేజ్ ఆనించాం. యూనిట్ పాత పద్ధతిలో చేసిన సాకెట్ గది వేడిలో రాత్రంతా 6 కిలోన్యూటన్లు మోసినా ముల్లు కదల్లేదు. 65 డిగ్రీలకు తెచ్చాక గంట తిరక్కముందే కదలడం మొదలైంది, ఆగలేదు. తరువాత ఒకే ఒక్క మార్పు చేశాం. అదే జిగురు, అదే రాడ్, అదే మనిషి చేసిన అతుకు, కానీ జిగురు గట్టిపడ్డాక 80 డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంచిన సాకెట్. అది 65 దగ్గర నిలబడింది. రాడ్‌ని బాగా గీకి, వేడి మాత్రం చేయని సాకెట్ జారింది, కాకపోతే నెమ్మదిగా. దీనితో లెక్క తేలింది. వేడి అసలు కారణం, పైపొర మైనం దానికి తోడు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయడం వల్లనే ఇది తేలింది. రెండూ కలిపి మార్చి ఉంటే ఏది పనిచేసిందో చెప్పలేకపోయేవాళ్లం.

"లోతు పెంచితే సరిపోదా సార్?"

ఫోర్‌మన్ అనుభవం ఉన్న మనిషి. ఆయన మొదటి ఆలోచన సాకెట్ లోతు రెట్టింపు చేయడం. "అన్నా, బలం సాకెట్ పొడవంతా సమానంగా పంచుకోదు" అని కాగితం మీద గీసి చూపించాను. ఇది కాంపోజిట్ అతుకుల్లో ఎక్కువమంది తప్పుగా అనుకునే విషయం, కాస్త నిలిచి చూడాలి.

లాగినప్పుడు రాడ్ సాగుతుంది, సాకెట్ కూడా సాగుతుంది. వాళ్ల అల్యూమినియం సాకెట్ బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు, గోడ దాదాపు 5 మిల్లీమీటర్ల మందం. లెక్క వేస్తే అది రాడ్ కంటే దాదాపు నాలుగు రెట్లు గట్టిది, అంటే అదే బలానికి నాలుగో వంతే సాగుతుంది. మూతి దగ్గర రాడ్ పూర్తి బలంతో సాగి ఉంది, పక్కనే సాకెట్ గోడ ఇంకా ఏ బలమూ ఎక్కక కదలకుండా ఉంది. ఈ తేడా అంతా మధ్యనున్న పలచటి జిగురు మీద పడుతుంది. లోపలికి పోయే కొద్దీ తేడా తగ్గిపోతుంది. కాబట్టి మూతి దగ్గరి కొన్ని మిల్లీమీటర్ల జిగురే ఎక్కువ బరువు మోస్తుంది. 25 కిలోన్యూటన్ల డిజైన్ లోడ్‌కు చదరపు మిల్లీమీటరుకు సగటు 13 న్యూటన్లని లెక్క వచ్చినా మూతి దగ్గర దానికి రెండు మూడు రెట్లు ఉండొచ్చు. ఒక హద్దు దాటాక లోతు ఎంత పెంచినా ఆ మూతి దగ్గరి బలం తగ్గదు. అది తగ్గాలంటే మూతి దగ్గర సాకెట్ గోడను పలచగా చెక్కాలి, గోడ కూడా రాడ్‌తో పాటు సాగేలా. లేత్ మీద అయిదు నిమిషాల పని అది, దానివల్ల కలిగే లాభం సాకెట్ పొడవు పెంచినా రాదు.

ఆయన రెండో ఆలోచన అడ్డంగా పిన్ కొట్టడం. సాకెట్‌కీ రాడ్‌కీ కలిపి 5 మిల్లీమీటర్ల కన్నం, అందులో బోల్ట్. ఉక్కు కడ్డీ అయితే ఇది సరైన పనే. పల్ట్రూజన్ రాడ్‌లో ఫైబర్లన్నీ ఒకే దిక్కుకు, నిలువుగా ఉంటాయి. వాటిని అడ్డంగా పట్టి ఉంచేది రెజిన్ మాత్రమే. చీపురు కట్టకు అడ్డంగా మేకు దూర్చి లాగితే పుల్లలు పక్కకు విడిపోయి మేకు బయటికి వస్తుంది చూడండి, ఇదీ అంతే. పైగా కన్నం వేసిన చోట ఫైబర్ తెగుతుంది, లోపలికి నీళ్లు దిగుతాయి. రాడ్ మీద మర కోయడం కూడా ఇదే కారణంతో పనికిరాదు. మర పళ్లు నిలువు ఫైబర్ల మీద నిలబడి ఉండవు, తెగిన ముక్కల మీద నిలబడతాయి.

పరిశ్రమలో నిలిచిన పద్ధతి క్రింపింగ్. కరెంటు లైన్ల పాలిమర్ ఇన్సులేటర్లలో మామూలుగా లోపల ఉండేది ఇలాంటి గాజు రాడ్డే. దానికి రెండు చివర్లా ఉక్కు ఫిట్టింగ్ తొడిగి, చుట్టూ దవడలున్న ప్రెస్‌తో అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతారు. జిగురు ఉండదు, ఆ బిగింపే పట్టు. నొక్కుడు తక్కువైతే జారుతుంది, ఎక్కువైతే రాడ్ లోపల చిట్లుతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. అందుకని నొక్కేటప్పుడు రాడ్ లోంచి వచ్చే పగులు శబ్దాన్ని సెన్సర్‌తో వినే కంపెనీలున్నాయి. ఈ మాస్టులకు కూడా నా మొదటి ఎంపిక అదే. కానీ ఆ ప్రెస్, ప్రతి సైజుకీ దవడల సెట్టు, ఈ యూనిట్ చేసే ఆర్డర్ల సంఖ్యకు గిట్టుబాటు కావు. వాళ్ల దగ్గరున్న లేత్‌తో, ఓవెన్‌తో అయ్యే పద్ధతి కావాలి.

కోన్ సాకెట్

చివరికి ఎంచుకున్నది ఉక్కు తాళ్లకు చాలాకాలంగా వాడుతున్న కోన్ సాకెట్‌కు దగ్గరి రూపం. సాకెట్ లోపలి కన్నం మూతి దగ్గర 13 మిల్లీమీటర్లు, వెనక్కి పోయే కొద్దీ వెడల్పై 24కి చేరుతుంది, పొడవు 90. రాడ్ మధ్యలో నిలబడుతుంది, చుట్టూ ఖాళీని రెజిన్ నింపుతుంది. గట్టిపడ్డాక రెజిన్ ఒక కోన్ ఆకారపు దిమ్మ అవుతుంది. రాడ్‌ని లాగితే ఆ దిమ్మ మూతి వైపుకు కాస్త జారి, సన్నని చోట ఇరుక్కుని, రాడ్‌ని నాలుగు వైపులా నొక్కుతుంది. ఎంత లాగితే అంత నొక్కుడు. అతుకుకు తోడు ఒరిపిడి కూడా వచ్చి చేరుతుంది. దిమ్మ జారాలంటే సాకెట్ గోడకు అంటుకోకూడదు. అందుకని గోడకు రిలీజ్ మైనం రాశాం. జిగురు అంటుకోకూడదని మైనం రాయమంటే యజమాని ముందు ఒప్పుకోలేదు. కోన్ ఎలా పనిచేస్తుందో చూశాక ఒప్పుకున్నారు. సాకెట్ ఉక్కుతో, బయటంతా వేడి జింకులో ముంచిన గాల్వనైజింగ్. రంగు వేయలేదు.

కోన్‌కి ఒక లోపం ఉంది. నొక్కుడు ఎక్కువగా పడేది మూతి దగ్గరే, రాడ్ లాగుడు ఎక్కువగా ఉండేదీ అక్కడే. రెండూ కలిసి రాడ్‌ని మూతి దగ్గర నలిపేస్తాయి. స్విట్జర్లాండ్‌లో వింటర్‌తుర్ పట్టణంలో 1996లో కట్టిన స్టోర్క్ వంతెన ఈ విషయంలో నాకు పెద్ద పాఠం. దాని తీగల్లో రెండు ఉక్కువి కావు, కార్బన్ ఫైబర్‌వి, ఒక్కో దానిలో 5 మిల్లీమీటర్ల కార్బన్ తీగలు 241. వాటి చివరి కోన్‌ని ఎంపా పరిశోధన సంస్థలో ఉర్స్ మయర్ బృందం రూపొందించింది. వాళ్లు దిమ్మను ఒకే గట్టిదనంతో పోయలేదు. మూతి దగ్గర మెత్తగా, వెనక్కి పోయే కొద్దీ గట్టిగా ఉండేలా పదార్థాన్ని మార్చుకుంటూ పోయారు. అలా చేస్తే నొక్కుడు మూతి దగ్గర గుమిగూడకుండా వెనక్కి పంచుకుంటుంది.

మేం చేసింది దానికి చాలా సాదా రూపం. మూతి వైపు ఉత్త రెజిన్, వెనక వైపు క్వార్ట్జ్ పొడి కలిపిన రెజిన్. పోసేటప్పుడు రాడ్ నిలువుగా, మూతి కిందికి, వెనక భాగం పైకి తెరిచి ఉంటుంది. గాలి బుడగలు వాటంతటవే పైకి పోతాయి, పాత సాకెట్ అడుగు బుడగ సమస్య అక్కడితో పోయింది. కానీ క్వార్ట్జ్ పొడి బరువు, అది కిందికి దిగుతుంది, అంటే సరిగ్గా మనం మెత్తగా ఉంచాలనుకున్న మూతి వైపుకే. అందుకని ఉత్త రెజిన్‌ని ముందు పోసి, అది వేలికి అంటీ అంటకుండా జెల్ అయ్యేదాకా ఆగి, పైన పొడి కలిపింది పోశాం. పూర్తిగా గట్టిపడేదాకా ఆగితే రెండు పొరలూ కలవవు. పొడి వల్ల ఇంకో లాభం ఉంది. వెనక వైపు రెజిన్ మందంగా ఉంటుంది, గట్టిపడేటప్పుడు తన వేడికి తానే ఉడికి పగులుతుంది. పొడి ఆ వేడిని తగ్గిస్తుంది. నెమ్మదిగా పనిచేసే హార్డ్‌నర్ వాడటం కూడా ఇందుకే.

రాడ్ తయారీకి షాపులో కొత్త క్రమం పెట్టాం. ముందు ద్రావకంతో తుడుపు, తరువాత ఎమెరీతో గీకుడు, మళ్లీ తుడుపు. ఈ వరస తిప్పకూడదు. ముందే గీకితే మైనం గీతల్లోకి దిగుతుంది. చివరికి నీళ్లు చల్లి చూస్తారు. నీరు పొరలా పరుచుకుంటే సరే, బొట్లు బొట్లుగా ముడుచుకుంటే మైనం ఇంకా ఉన్నట్టు, మళ్లీ మొదటికి. తరువాత బాగా ఆరబెట్టి ఆ రోజే అతుకు వేయాలి. కోసిన రాడ్ కొసకు రెజిన్ పూత కూడా తప్పనిసరి, ఫైబర్ల వెంట తేమ లోపలికి పాకకుండా.

వేడి పెట్టే విషయంలో థర్మోకపుల్, అంటే వేడి కొలిచే తీగ, ఓవెన్ గాలిలో కాదు, సాకెట్‌కే తగిలించాలని పట్టుబట్టాను. గాలి 80కి వచ్చినా లావు ఉక్కు సాకెట్ చాలాసేపు వెనకబడి ఉంటుంది. సాకెట్ 80కి వచ్చాకే గంటలు లెక్కపెట్టాలి. రాడ్ రెజిన్ ఏమిటో కూడా ముందే తెలుసుకోవాలి. ఇక్కడ వాడింది వినైల్ ఎస్టర్ రాడ్, దాని టీజీ 100 దాటి ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. చవక పాలిస్టర్ రాడ్ అయితే ఆ వేడికి అదే మెత్తబడే ప్రమాదం ఉంది. ప్రతి బ్యాచ్ రెజిన్ నుంచి ఒక పలచటి పట్టీ పోసి సాకెట్లతో పాటే ఓవెన్‌లో పెడతారు. తరువాత దాన్ని 75 డిగ్రీల వేడి నీళ్లలో ముంచి చేతి తొడుగులతో వంచుతారు. రబ్బరులా వంగితే ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ ఓవెన్‌కి. ల్యాబ్‌లో టీజీని కొలిచే డి.ఎస్.సి. పరీక్ష అసలు కొలత, కానీ దానికి రోజులు పడతాయి. నీళ్ల పరీక్ష షాపు నేల మీదే జరుగుతుంది.

కొత్త సాకెట్ అదే పెట్టెలో, అదే లీవర్‌తో 65 దగ్గర, తరువాత 75 దగ్గర 6 కిలోన్యూటన్లు మోసింది. మొదట్లో దిమ్మ కూర్చునేటప్పుడు డయల్ ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. కోన్‌లో ఆ కదలిక ఉండాల్సిందే. దాన్ని ఫీల్డ్‌కి వదలకుండా షాపులోనే తీసేయాలి, లేకపోతే గై వదులైందని సైట్ వాళ్లు ఖంగారు పడతారు. అందుకని ప్రతి రాడ్‌నీ డిజైన్ లోడ్‌లో సగానికి లాగి పది సెకన్లు పట్టి ఉంచుతారు. ఇన్సులేటర్ పరిశ్రమలో ప్రతి ముక్కకూ ఇలా సగం లోడ్‌తో పరీక్ష చేసే ఆనవాయితీ ఉంది, అక్కడి నుంచి తీసుకున్నదే. గదిలో తెగేదాకా లాగిన రాడ్ మూతికి కాస్త అవతల ఫైబర్లు విచ్చుకుని తెగింది, దిమ్మలోంచి జారలేదు. నాకు కావలసింది ఆ తీరు. అంకె కంటే ఎక్కడ, ఎలా తెగిందనేదే నేను ముందు చూస్తాను.

ఇదే డిజైన్‌ని అల్యూమినియం సాకెట్‌తో కార్బన్ రాడ్‌కి వాడదామని ఎవరైనా అనుకుంటే ఒక హెచ్చరిక. కార్బన్ కరెంటును ప్రవహింపజేస్తుంది, దానికి అల్యూమినియం తగిలి తేమ చేరితే అల్యూమినియం తినేసినట్టు పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పు గాలి ఉన్న చోట ఇంకా త్వరగా. అలాంటి చోట టైటానియం వాడతారు, లేదా మధ్యలో ఒక గాజు ఫైబర్ పొర చుడతారు. ఎలాగూ యాంటెన్నా దగ్గర కార్బన్ పనికిరాదు, సిగ్నల్‌కి అదీ ఉక్కులాగే అడ్డు.

పాత సాకెట్లున్న మాస్టుల మీద వాటిని అన్నిటినీ మార్చమని రాసిచ్చాను. మంచిగా కనిపిస్తున్న వాటిని కూడా, ఎందుకంటే జనవరిలో అన్నీ మంచిగానే కనిపించాయి. కొత్త వాటికి మూతి దగ్గర సిలికాన్ సీలెంట్, దాని అవతల రాడ్ మీద ఒక సన్నని ఎర్ర పెయింట్ గీత. సీలెంట్ అంచుకీ గీతకీ మధ్య దూరం పెరిగితే రాడ్ జారినట్టే, కింది నుంచి బైనాక్యులర్‌తో చూసినా తెలుస్తుంది. ఏడాదికోసారి తనిఖీ అని వాళ్ల కాంట్రాక్ట్‌లో ముందే ఉంది, నెల మాత్రం రాసి లేదు. దాన్ని మే నెల, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య అని మార్పించాను.